పాత ఇంటికి కొత్త మార్పులు - చూడవలసిన తీరు

(మన సంఘం పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు డి.ఆర్. బకాయిల గురించీ, హెల్త్ కార్డుల గురించీ విపులంగా చెప్పారు. 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా కేసులో ఇచ్చిన తీర్పు వల్లనే మనం ఏటా ఈ రోజున కలుసుకుంటున్నామని కూడా గుర్తు చేశారు. నేను భవనాల విభాగంలో ముప్పై మూడేళ్లు పనిచేసి ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా రిటైరయినవాణ్ణి. నాకు తెలిసిందల్లా ఇటుకా, సున్నమూ, ఎస్టిమేట్లూను. అందుకని "చారిత్రక ప్రసిద్ధి గల ఒక ఇంటికి మార్పులు చేస్తామని ప్రతిపాదన వస్తే దాన్ని ఎలా పరిశీలించాలి" అన్న విషయం ఎంచుకున్నాను. భోజనాల వేళ అవుతోందని తెలుసు. వంటశాల నుంచి పులిహోర వాసన నాకూ వస్తోంది. క్లుప్తంగానే చెబుతాను.

ముందుగా ఎర్రమంజిల్ సంగతి. హైదరాబాదులో ఉద్యోగం చేసినవారికి ఆ మేడను పరిచయం చేయనక్కర లేదు. ఖైరతాబాదు నుంచి పంజాగుట్టకు వెళ్లే దారిలో గుట్ట మీద ఉంటుంది. నవాబ్ ఫక్రుల్ ముల్క్ కట్టించుకున్న నివాసం. 1870 ప్రాంతపు కట్టడమని చెబుతారు. నూట యాభైకి పైగా గదులు. 'ఇరం' అంటే పారసీకంలో స్వర్గోద్యానం. గుట్ట ఎర్రమట్టి గుట్ట కనుక మన తెలుగువాళ్ల నోట అది 'ఎర్రం' అయింది. రెండు భాషలూ ఒకే పేరులో ఇలా ఇమిడిపోవడం నాకు ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది. తరువాతి కాలంలో అది ప్రభుత్వ పరమై, ముందు రికార్డులు దాచే చోటుగానూ, ఆ తరువాత ఇంజనీరింగు శాఖల కార్యాలయంగానూ ఉపయోగపడింది.

2019 జూన్ 18న రాష్ట్ర మంత్రివర్గం ఆ స్థలంలో కొత్త శాసనసభా భవన సముదాయం కట్టాలని నిర్ణయించింది. అదే నెల 27న శంకుస్థాపన కూడా జరిగింది. పాత మేడ తీసేయక తప్పదన్న మాట వచ్చింది. కొందరు హైకోర్టుకు వెళ్లారు. 2019 సెప్టెంబరు 16న ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ రాఘవేంద్ర సింగ్ చౌహాన్, జస్టిస్ షమీమ్ అఖ్తర్ గార్ల ధర్మాసనం మంత్రివర్గ నిర్ణయాన్ని కొట్టివేసింది.

ఆ తీర్పుపై రాజకీయంగా ఎవరి అభిప్రాయం వారిది. ఈ వేదిక అందుకు కాదు. ఒక ఇంజనీరుగా నన్ను ఆకర్షించిన అంశం ఒక్కటే. కొత్త భవనం మంచిదా, చెడ్డదా అన్నది అక్కడ అసలు ప్రశ్న కాలేదు. నిర్ణయానికి ముందు చూడవలసినవి చూశారా, చట్టం చెప్పిన మెట్లు ఎక్కారా అన్నదే ప్రశ్న అయింది. ఎందుకంటే ఆ మేడ మామూలు పాత కట్టడం కాదు. 1995లో హైదరాబాదు నగరాభివృద్ధి సంస్థ జోనింగ్ నియమాలలో 13వ నిబంధన చేర్చారు. దాని కింద వారసత్వ కట్టడాల జాబితా తయారైంది, నూట ముప్పై పైచిలుకు. ఆ జాబితాలో ఎర్రమంజిల్ ఉంది. 2015లో ఆ నిబంధన తొలగించారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. నిబంధన పోయింది కనుక రక్షణ కూడా పోయినట్లేనని ఒక వాదన. పోలేదని న్యాయస్థానం మాట.

మనం ఆఫీసులలో ఎన్ని ఫైళ్లు చూశాం! "అడ్మినిస్ట్రేటివ్ శాంక్షన్ వచ్చేసింది, ఇక టెక్నికల్ రిపోర్టు తయారు చేయండి" అన్న మాట ఎన్నిసార్లు విన్నాం! నిర్ణయం ముందు, పరిశీలన తరువాత. మామూలు షెడ్డుకు అలా జరిగితే డబ్బు పోతుంది, అంతే. నూట యాభై ఏళ్ల ఇంటికి అలా జరిగితే మళ్లీ కట్టలేం. పరిశీలన అన్నది నిర్ణయానికి ముందుండాలి అని చెప్పడానికి హైకోర్టు దాకా పోవలసి వచ్చిందంటే కాస్త ఆలోచించవలసిన విషయమే.

సరే, ముందే పరిశీలించే అవకాశం ఉందనుకుందాం. ఏం చూడాలి?

అందరూ ముందు ముఖద్వారం చూస్తారు, స్తంభాలు చూస్తారు, నగిషీలు చూస్తారు. నేనైతే ముందు "ఈ ఇంటిని ఇకపై దేనికి వాడదలిచారు?" అని అడుగుతాను. సగం ప్రతిపాదనల గుట్టు అక్కడే తెలిసిపోతుంది. నివాసపు గదికి చదరపు మీటరుకు 200 కిలోల బరువు వస్తుందని మన కోడు పుస్తకం లెక్క. అదే ఫైళ్లు, రికార్డులు దాచే గదికి 500 కిలోలు. అంటే నవాబుగారి పడకగదిలో బీరువాలు వరుసగా నిలబెడితే, గోడకు ఒక్క మేకు కొట్టకపోయినా, ఆ ఇంటికి పెద్ద మార్పు చేసినట్టే. మద్రాసు టెర్రస్ కప్పులు మీకు తెలుసు. టేకు దూలాలు, వాటిపై వాసాలు, వాసాలపై నిలువుగా పేర్చిన సన్న ఇటుక, దానిపై సున్నపు కాంక్రీటు. వాటి శక్తి వాటికుంది. కానీ దూలం కొన గోడలో దూరిన చోట చెమ్మ తగిలి పుచ్చిపోయి ఉంటే పైకి కనబడదు. అక్కడ సన్న బరమాతో గుచ్చి చూడకుండా "స్ట్రక్చర్ సౌండ్" అని ఎవరైనా రాసిస్తే ఆ కాగితాన్ని నేను నమ్మను. "శిథిలమైపోయింది, కూల్చాలి" అని రాసిచ్చినా నమ్మను. రెండూ ఒకే బద్ధకం.

రెండవది సున్నం, సిమెంటు గొడవ. ఇది మన ఇళ్లకూ పనికొస్తుంది కనుక కాస్త ఎక్కువ చెబుతాను. పాత గోడలు డంగు సున్నంతో కట్టినవి. గానుగలో నూరి, నానబెట్టి, కరక్కాయ నీళ్లూ బెల్లం నీళ్లూ కలిపి చేసేవారు. ఆ గోడ ఊపిరి తీసుకుంటుంది. నేల నుంచి ఎక్కిన చెమ్మ పైపూత గుండా బయటికి పోతుంది. మనవాళ్లు ఏం చేస్తారు? పెచ్చులు ఊడాయి కదా అని సిమెంటు పూత పూస్తారు. చూడటానికి నున్నగా, గట్టిగా ఉంటుంది. లోపలి చెమ్మకు దారి మూసుకుపోతుంది. అది ఇంకా పైకి పాకుతుంది. నీటితో వచ్చిన ఉప్పు ఇటుకలోనే గడ్డకట్టి ఇటుకను పొడి చేస్తుంది. రెండు మూడేళ్లకు సిమెంటు పలకలు పలకలుగా ఊడుతుంది, వెంట ఇటుక ముఖాన్ని కూడా పట్టుకొస్తుంది. మళ్లీ ఎస్టిమేటు, మళ్లీ సిమెంటు. వేలితో గోడను తట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే పూత లోపల విడిపోయిందని అర్థం. కనుక మరమ్మతు ప్రతిపాదనలో 'సిమెంట్ ప్లాస్టరింగ్' అన్న ఐటెమ్ కనబడితే నేను అక్కడ ఎర్రపెన్సిలు పెడతాను.

మూడవది, చేసిన మార్పును రేపు తీసేయగలమా? చెక్క పార్టిషను పెట్టారు, మరలు విప్పితే వచ్చేస్తుంది, గోడ గోడలాగే ఉంటుంది. ఫరవాలేదు. ఏ.సి. గొట్టానికని కమాను నడిబొడ్డున రంధ్రం కొట్టారు. ఆ కమాను రాయి తిరిగి రాదు. మనకు ఈ రోజున తెలియనిది రేపు మరొకరికి తెలియవచ్చు. వారికి అవకాశం మిగిల్చామా లేదా అన్నదే నా లెక్క.

ఇక్కడ నా సర్వీసులో జరిగిన ఒక సంగతి చెప్పాలి. ఊరి పేరు, ఆఫీసు పేరు వద్దు లెండి. ఒక జిల్లా కేంద్రంలో కంపెనీ కాలపు బంగళాలో ఒక కార్యాలయం ఉండేది. హాలు నుంచి పక్క గదిలోకి సరాసరి దారి కావాలని అధికారి కోరారు. రెండున్నర అడుగుల మందం గోడ. గోడ తొలిచి, పైన ఇనుప గర్డరు వేసి, తలుపు పెట్టాలని ఎస్టిమేటు తయారైంది. నేను అసిస్టెంటు ఇంజనీరుగా కొలతలకు వెళ్లాను. ఆ వేళ పెన్షను కాగితాల పని మీద ఒక రిటైర్డు వర్క్ ఇన్‌స్పెక్టరు వచ్చి వరండాలో కూర్చుని ఉన్నాడు. డెబ్బై దాటిన మనిషి, చేతిలో గొడుగు. నేను గోడకు సుద్దముక్కతో గీతలు గీస్తుంటే చూసి, "బాబుగారూ, అక్కడ ఎందుకండీ కొట్టడం, నాలుగడుగులు ఇవతల కొట్టండి, దారి అక్కడే ఉంది" అన్నాడు. నాకు అర్థం కాలేదు. అతనే లేచి వచ్చి గొడుగు కొనతో గోడను తట్టాడు. శబ్దం మారింది. పూత గీకి చూస్తే లోపల చక్కని కమాను! ఎప్పుడో బీరువా పెట్టుకోవడానికని పచ్చి ఇటుకతో మూసేశారట. మూసినప్పుడు అతను కుర్రవాడు, మట్టి మోశాడట. పచ్చి ఇటుక తీసేస్తే దారి వచ్చింది. గర్డరు లేదు, గోడ తొలవడం లేదు. ఎస్టిమేటు పదోవంతుకు దిగింది. నేను ఎం.బి.లో కొలతలు రాసుకుంటుంటే అతను "నా పెన్షను కాగితం మీద కూడా కాస్త సంతకం పెట్టించండి బాబూ" అన్నాడు. ఆ పని కూడా ఆ పూటే అయింది.

ఆ బంగళా నక్షా ఏ ఫైలులోనూ లేదు. ఆ ఒక్క మనిషి తలలో ఉంది. ఈ మాట మీరు మనసులో పెట్టుకోండి, మళ్లీ వస్తాను.

మార్పులన్నీ చెడ్డవని నేను అనడం లేదు. కోఠీలోని రెసిడెన్సీ భవనాన్ని చూడండి. రెసిడెంటు కర్క్‌పాట్రిక్ కాలంలో, 1800ల తొలి సంవత్సరాలలో, మద్రాసు ఇంజనీర్లకు చెందిన శామ్యూల్ రసెల్ నక్షా ప్రకారం కట్టిన ఇల్లు. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ నాయకత్వాన జనం దానిపై దాడి చేశారు. ఆ తరువాత రెసిడెన్సీ చుట్టూ గోడలు, బురుజులు బలపరిచారు. ఇప్పుడు చెప్పండి, ఆ గోడలు రసెల్ నక్షాలో లేవు కనుక తీసేద్దామా? తీసేస్తే 1857లో హైదరాబాదు కూడా తిరగబడిందని చెప్పే సాక్ష్యం పోతుంది. తరువాత చేర్చినదంతా మురికి కాదు, కొంత చరిత్ర కూడా. 1964 నాటి వెనిస్ పత్రంలో కట్టడానికి అన్ని కాలాలవారూ చేర్చినదాన్ని గౌరవించాలని రాసుకున్నారు.

1949లో ఆ ఇంట్లోకి ఆడపిల్లల కళాశాల వచ్చింది. ఒక విదేశీ అధికారి నివాసం మన ఆడపిల్లలు చదువుకునే చోటు అయింది. ఈ సభలో కూర్చున్న అమ్మలలో అక్కడ చదివినవారు ఉంటే చేయి ఎత్తండి. చూశారా, నలుగురున్నారు! నా దృష్టిలో ఆ ఇంటికి జరిగిన మార్పులన్నిటిలోకీ గొప్ప మార్పు అది. కానీ రోజూ వందల మంది తిరిగే కాలేజీకి, ఒక కుటుంబానికని కట్టిన ఇల్లు ఎన్నాళ్లు తట్టుకుంటుంది? కప్పు కారింది, పూతలు రాలాయి. 2002లో ప్రపంచ స్థాయిలో ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలోకి ఎక్కింది. తరువాత చాలా ఏళ్లు పట్టినా మరమ్మతులు జరిగి, 2023 జనవరిలో తిరిగి తెరిచారు. ఆ కళాశాల ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరున మహిళా విశ్వవిద్యాలయం.

ఆ ఇంటి ముందు 22 మెట్లు ఉన్నాయి, రెండు పక్కలా సింహాలు. మనలో ఎందరం ఆ మెట్లు ఎక్కగలం? నా మోకాళ్ల సంగతి నాకు తెలుసు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రజలు వచ్చే భవనాలలోకి అందరూ వెళ్లగలగాలి. అది న్యాయమే, మనబోటివాళ్లకు అవసరం కూడా. అందుకని ఎవరైనా ముందు మెట్ల పక్కన ర్యాంపు కట్టాలని ప్రతిపాదించారనుకుందాం. ఇది నేను ఊహించి చెబుతున్న ఉదాహరణ మాత్రమే. మెట్టు ఎత్తు 15 సెంటీమీటర్లు అనుకుంటే 22 మెట్లకు 3 మీటర్ల 30. చక్రాల కుర్చీకి పన్నెండుకు ఒకటి వాలు ఉండాలి. అంటే దాదాపు 40 మీటర్ల పొడవు, మధ్యలో ఆగే చోట్లు వేరే. ఆ ఆరు మహా స్తంభాల ముందు 130 అడుగుల సిమెంటు దిబ్బ! సింహాలు దాని వెనక ఎక్కడో. ఇక ఆ ఇంటి ముఖం ఏముంటుంది?

అలాగని "చారిత్రక కట్టడం, ముసలివాళ్లు కింద నిలబడి చూడండి" అనడం కూడా నాకు సమ్మతం కాదు. ఇక్కడే పరిశీలించేవాడి పనితనం తెలుస్తుంది. ప్రతిపాదనను తిరస్కరించి ఫైలు మూసేయడం తేలిక. వెనక వైపో, పక్కనో, పాత గోడకు ఆనించకుండా విడిగా నిలబడే చిన్న లిఫ్టు పెట్టగలమా? ఉన్న కిటికీ ఒకదాన్ని గుమ్మంగా వాడుకుంటే గోడ కోయకుండా పని జరుగుతుందా? రేపు ఇంకా మంచి యంత్రం వస్తే దీన్ని విప్పి తీసుకుపోవచ్చా? ఇవన్నీ ప్రతిపాదన తెచ్చినవారి చేత చెప్పించాలి. కనీసం రెండు మూడు నక్షాలు పక్కపక్కన పెట్టించాలి. ఒక్క నక్షాయే తెచ్చి "సంతకం పెట్టండి" అంటే ఆ పరిశీలనకు అర్థం లేదు. మనకు టెండర్లకు మూడు కొటేషన్లు కావాలి గాని, నక్షాకు మాత్రం ఒక్కటి చాలునా?

ఇన్ని చెప్పినా, ఏ పరిశీలకుడికైనా ముందుగా కావలసింది ఒకటుంది. ఆ ఇంటికి ఇంతవరకు ఏమేం జరిగింది అన్న వివరం. ఏ గది ఎప్పుడు రెండయింది, ఏ కిటికీ ఎవరు మూశారు, మురుగు గొట్టం ఏ గోడలో నుంచి పోయింది, ఏ దూలం మార్చారు, ఎక్కడ స్లాబు వేశారు. ప్రభుత్వ ఆధీనంలో ఉన్న పాత మేడలకు అరవై డెబ్బై ఏళ్లుగా జరిగిన చిన్న మార్పులు లెక్కలేనన్ని. పెద్ద కూల్చివేత అయితే పత్రికలు రాస్తాయి, కోర్టులు చూస్తాయి. ఏటా మార్చి నెలాఖరులో నిధులు మురిగిపోతాయని హడావిడిగా చేసిన చిన్న పనులను ఎవరూ చూడరు. ఎం.బి.లు కాలం తీరిందని కాల్చేశారు, లేదా చెదలకు పోయాయి. మిగిలిన రికార్డు ఎక్కడుంది? ఇదిగో, ఈ హాల్లో, ఈ కుర్చీలలో ఉంది.

మనలో ఇంజనీర్లున్నారు, డ్రాఫ్ట్స్‌మన్లు ఉన్నారు, సూపరింటెండెంట్లు, టైపిస్టులు, అటెండర్లు ఉన్నారు. పాత కచేరీలు, దివాణాలు, ట్రావెలర్స్ బంగళాలు, నవాబుల మేడలు, జమీందారుల కోటలు, వాటిలో కూర్చుని బతుకంతా గడిపినవాళ్లం. ఏ గదిలో వాన కారితే బకెట్టు ఎక్కడ పెట్టేవారో మన అటెండరు సోదరులకు తెలిసినట్టు ఏ కన్సల్టెంటుకు తెలుస్తుంది? అది చిన్న సంగతి కాదు. కప్పు ఎక్కడ దెబ్బతిన్నదో చెప్పే మొదటి సాక్ష్యం అదే. ఈ ఏడాది మన సంఘంలో దివంగతులైన సభ్యుల పేర్లు ఇందాక కార్యదర్శిగారు చదివారు. అందరం లేచి నిలబడ్డాం. ఆ పేర్లలో ఇద్దరు నాకు బాగా తెలిసిన సీనియర్ డ్రాఫ్ట్స్‌మన్లు. ట్రేసింగ్ బట్ట మీద ఇండియన్ ఇంకుతో పాత భవనాల నక్షాలు గీసినవాళ్లు. వాళ్లకు తెలిసినవి నేను అడిగి రాసుకున్నది చాలా కొంచెం.

అందుకని అధ్యక్షులవారి అనుమతితో ఒక ఏర్పాటు చేశాను. భోజనాల హాలు ద్వారం దగ్గర బల్ల మీద ఒక పెద్ద రూళ్ల పుస్తకం పెట్టాను. మీరు పనిచేసిన పాత భవనం పేరు, ఊరు, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా అక్కడున్నారు, మీకు గుర్తున్నంతలో ఏ మార్పులు జరిగాయి, ఇంతే రాయండి. చెయ్యి వణికేవారు చెబితే మా మనవరాలు రాసిపెడుతుంది, ఆమె ఆర్కిటెక్చరు మూడో సంవత్సరం చదువుతోంది. ఇళ్లలో పాత నక్షాలు, ఆఫీసు గ్రూపు ఫోటోలు ఉంటే తీసుకురండి. గ్రూపు ఫోటోలో మనుషుల వెనక భవనం కూడా పడుతుంది కదా! ఫోటోకు నకలు తీసుకుని అసలు ఆ రోజే ఇచ్చేస్తాం. పుస్తకం నిండాక ఒక ప్రతి సంఘం కార్యాలయంలో ఉంచి, ఒక ప్రతి వారసత్వ శాఖకు రిజిస్టర్డు పోస్టులో పంపుతాం. అక్‌నాలెడ్జ్‌మెంటుతో సహా.

నూనె మరకలు పడతాయి కనుక, దయచేసి భోజనానికి ముందే రాయవలసిందిగా కోరుతున్నాను.